నాన్న ఎత్తొద్దు

మూడు రాత్రులుగా అదే నెంబరు.
చివర నాలుగు, ఏడు, ఏడు.
ఎత్తితే మాట ఉండదు.
ఒక దగ్గు,
దాని వెనక ఎక్కడో నీళ్లు బొట్లుబొట్లుగా పడే చప్పుడు,
అంతే, పెట్టేస్తారు.

కుతైసిలో జనవరి.
వానగానే ఉండాలో మంచైపోవాలో
ఆకాశం తేల్చుకోలేకపోతోంది.
హోటలు వాళ్ల కర్టెన్లకి అంచులు కుడుతున్నాను,
ఇరవై రెండు కిటికీలు, ఆవపువ్వు రంగు గుడ్డ.
మిషను ఆపిన ప్రతిసారీ చూపు ఫోను మీదికే పోతుంది.

పైవాటా బాచోకి పదమూడేళ్లు.
"దీనికో యాప్ ఉంది త్సియాలా అత్తా,
నెంబరు కొడితే ఊరూ పేరూ చెప్పేస్తుంది" అన్నాడు,
వాల్‌నట్లు నములుతూ, నా సోఫా మీద బూట్లతో.
పేరంటే కాగితాల్లో ఉండే పేరు కాదట.
ఆ నెంబర్ని ఎవరెవరు తమ ఫోన్లలో
ఏమేమని రాసి పెట్టుకున్నారో, అదంతానట.
వీపు వెనక మాటల్ని
మొహం ముందుకి తెచ్చి పోస్తుందన్నమాట.

కొట్టాడు.

జుంబెర్ లిఫ్టు.
జుంబెర్ లిఫ్టు రిపేరు, అడ్వాన్సు ఇవ్వకు.
బాబాయి జుంబెర్.
ద్రాక్షల జుంబెర్.
బ్యాంకు వాళ్లు అడిగితే తెలీదని చెప్పు.
బాస్.
మూడో అంతస్తు దొంగ.
బంగారు చేతులు.
నాన్న ఎత్తొద్దు.

చివరిది బాచో పైకి చదవలేదు.
నేనే కళ్లజోడు వెతుక్కుని చదివాను.
రెండు మాటల మధ్య చుక్క కూడా లేదు.
కూతురో కొడుకో, ఏ బస్సులోనో కూర్చుని
తమకి తామే వేసుకున్న ఆంక్ష.
అయినా "నాన్న" అనేది తీసేసి
"జుంబెర్" అని రాయడానికి
వేలు రాలేదు చూడండి.

గుడ్డ పేలికలన్నీ బల్ల మీద పరిచాను.
చొక్కా కాలేదు.

"మరి నా నెంబరో?" అన్నాను.
అడక్కుండా ఉండాల్సింది.

కర్టెన్లు.
కర్టెన్ల త్సియాలా, గడువు దాటిస్తుంది.
త్సియాలా అరుపులు.
సరే, అరుస్తాను.
ఆ కింద,
ఎతేరి టీచరు.
ఎతేరి లెక్కలు.
పెద్దమ్మ ఎతేరి.
ఎతేరి కొత్త నెంబరు.
నా ఎతేరి.

నేను ఎతేరిని కాను.
రెండేళ్ల కిందట బజారు వంతెన దగ్గరి కొట్లో
రెండు రొట్టెల ధరకి కొన్న నెంబరు ఇది.
సరికొత్తది, ఎవరూ వాడలేదన్నాడు కొట్టువాడు.
నేను హలో అనగానే
అవతల పెట్టేసేది ఇందుకా.

ఆమె పోయిందో,
నెంబరు మార్చి తప్పించుకుపోయిందో
యాప్ చెప్పదు.
"నా" అని రాసింది ఈ దగ్గే మనిషో కాదో
అదీ చెప్పదు.
జాలిపడాలో గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలో
తెలియక రెండూ చేశాను.

పదకొండున్నరకి మోగింది.
దగ్గు. నీటి బొట్లు.
"ఎతేరి లేదండీ ఇక్కడ" అన్నాను
నా అరుపుని సగానికి మడిచి,
"నేను కర్టెన్లు కుట్టేదాన్ని."

చాలాసేపు బొట్లే.
తర్వాత అడిగాడు: "ఏ రంగువి?"
"ఆవపువ్వు రంగు."
"ఊఁ" అన్నాడు,
కిటికీ కొలత చూసినవాడిలా.
పెట్టేశాడు.

సేవ్ చెయ్యనా అంది ఫోను.
గడిలో గీత మిణుకుమంటోంది.
నేనేం రాసినా అది వెళ్లి
దొంగకీ బంగారు చేతులకీ మధ్య కూర్చుంటుంది.
జుంబెర్, అని కొట్టి ఆగాను.
మిషను కింద గుడ్డ చల్లబడుతోంది.
ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి!
మిగతాది ఒక్క ఊపున కొట్టేశాను:

జుంబెర్, కుళాయికి వాషరు మార్చుకోమనాలి.